ప్యాడ్‌లో జెల్ పౌడర్ రెట్టింపు చేస్తే లీకేజీ ఆగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రావులపాలెం దగ్గర మీ మహిళా సంఘం చిన్న యూనిట్ పెట్టి శానిటరీ న్యాప్‌కిన్లు తయారు చేస్తోంది. ఒక్కో ప్యాడ్‌లో 7 గ్రాముల పల్ప్ (చెక్క గుజ్జు), మధ్యలో అర గ్రాము జెల్ పౌడర్ వేస్తున్నారు. టీ గ్లాసుడు నీళ్లు పోసినా కింద చుక్క కారడం లేదు. వాడినవాళ్లు మాత్రం రెండు గంటలకే పక్కల నుంచి మరక పడుతోందని, పైన ఎప్పుడూ తడితడిగా ఉంటోందని చెబుతున్నారు. పౌడర్ రెట్టింపు చేయమని ఒకరు, అరటి నార కలపమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఏది చేయాలి?

ప్రస్తుతానికి రెండూ వద్దండీ. మీ ప్యాడ్‌కి పట్టే శక్తి చాలక లీక్ కావడం లేదు. పడిన ద్రవం ఆ పల్ప్ దాకా, పౌడర్ దాకా చేరేలోపే పక్కకి జారిపోతోంది. చేరిన దాంట్లో కూడా కొంత, మనిషి కూర్చోగానే మళ్లీ పైకి వస్తోంది. పౌడర్ పెంచితే ఖర్చు పెరుగుతుంది, లీకేజీ అలాగే ఉంటుంది. కొన్నిసార్లు ఇంకా ఎక్కువవుతుంది కూడా. మీరు మార్చాల్సింది పైన ఉండే రెండు పొరల్ని, పౌడర్‌ని చల్లే పద్ధతిని, అన్నిటికంటే ముందు మీరు చేస్తున్న పరీక్షని.

నేను పాలిమర్ కెమిస్ట్రీ చదువుకుని, ప్యాడ్లు, డైపర్లు చేసే ఫ్యాక్టరీల క్వాలిటీ ల్యాబుల్లో పదిహేడేళ్లు పనిచేశాను. ఇప్పుడు మీలాంటి చిన్న యూనిట్లకు సలహాలు ఇస్తుంటాను. అందరూ మొదట అడిగేది ఇదే ప్రశ్న కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ నీళ్ల పరీక్ష సంగతి చూద్దాం. మీరు వాడే జెల్ పౌడర్ సోడియం పాలీఅక్రిలేట్. వాడుకలో ఎస్‌ఏపీ అంటాం. ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ అయితే తన బరువుకి మూడు నాలుగు వందల రెట్లు పీలుస్తుంది. పంపు నీళ్లయితే అందులో సగమో, అంతకన్నా తక్కువో. అదే ఉప్పునీరు, అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే, పీల్చి పిండిన తర్వాత మిగిలేది 30 రెట్లు. మన ఒంట్లోంచి వచ్చే ప్రతి ద్రవంలోనూ ఉప్పు ఉంటుంది. మీ అర గ్రాము పౌడర్ పంపు నీళ్లలో 70, 80 మిల్లీలీటర్లు మింగి మిమ్మల్ని మురిపించింది. ఒంటి మీద దాని లెక్క 15 మిల్లీలీటర్లే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడండి. చెంచాలో పావు వంతు పౌడర్ గాజు గ్లాసులో వేసి, నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఆగండి. గ్లాసు బోర్లించినా పడనంత గట్టిగా గడ్డకడుతుంది. దాని మీద ఒక చెంచా వంట ఉప్పు వేసి కలపండి. చూస్తుండగానే గడ్డ జావగా మారి, నీళ్లు వదిలేస్తుంది. పౌడర్ గింజల్లో ఉన్న సోడియం వల్లే నీళ్లు లోపలికి లాగబడతాయి. లోపల అయాన్లు ఎక్కువ, బయట తక్కువ అయినంతసేపే ఆ లాగుడు. బయట కూడా ఉప్పు పెరిగితే ఆ తేడా తగ్గి, లాగుడూ తగ్గిపోతుంది. ట్రైనింగులకు వెళ్లినప్పుడు ఈ గ్లాసు నేను తప్పకుండా చూపిస్తాను. ఉప్పు వేసేదాకా ఎవరూ నా మాట వినరు.

ఇక నెలసరి రక్తం ఉప్పునీరు కూడా కాదు. అందులో రక్తం దాదాపు సగమే, మిగతాది జిగురు, గర్భాశయపు పొర ముక్కలు, ఇతర స్రావాలు. నీళ్ల కంటే చిక్కన. జెల్ గింజ అందులోని నీటినే పీల్చగలదు, రక్తకణాలు గింజలోకి పోలేవు. అవి గింజ చుట్టూ పేరుకుని, వెనక వచ్చే ద్రవానికి అడ్డుపడతాయి. టీవీ ప్రకటనల్లో పోసే ఆ నీలం నీళ్లకీ, దీనికీ పోలికే లేదు. 2023లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు 21 రకాల ఉత్పత్తుల్ని గడువు తీరిన మానవ రక్తకణాలతో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ప్యాకెట్ల మీద రాసిన సామర్థ్యానికీ, వాళ్లు కొలిచిందానికీ చాలాచోట్ల పొంతన కుదరలేదు. పెద్ద కంపెనీల పరిస్థితే అలా ఉంటే, మీ టీ గ్లాసుని తప్పు పట్టనక్కర్లేదు.

అసలు ఎంత ద్రవం గురించి మాట్లాడుతున్నామో కూడా చూడండి. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే డాక్టర్లు దాన్ని అధిక రక్తస్రావం అంటారు. మిగతా స్రావాలు కలిపినా, మార్చేసిన ప్యాడ్‌లో నేను తూచినంతవరకూ ఎక్కువసార్లు ఉండేది 5 నుంచి 10 గ్రాములే. మీ 7 గ్రాముల పల్ప్ ఒక్కటే దీనికి సరిపోతుంది. అందుకే మొదట్లో అన్నాను, మీది చోటు చాలని సమస్య కాదని.

మరి ఎందుకు లీకవుతోంది?

ప్యాడ్ మూడు పనులు చేయాలి. పడగానే లోపలికి లాగాలి. లాగింది ఒకేచోట ఉంచకుండా పొడవునా పంచాలి. మనిషి కూర్చున్నా, సైకిల్ తొక్కినా వదలకుండా పట్టుకోవాలి. చిక్కేమిటంటే ఈ మూడింటికీ కావాల్సిన గుణాలు ఒకదానికొకటి పడవు. త్వరగా లాగాలంటే పెద్ద పెద్ద ఖాళీలు కావాలి. పంచాలంటే సన్నటి ఖాళీలు కావాలి. పట్టి ఉంచాలంటే జెల్ కావాలి. ఒకే పదార్థం మూడూ చేయదు కాబట్టే పొరలు పుట్టాయి.

దీపం వత్తి సంగతి మీకు తెలియనిది కాదు. వదులుగా చేసిన వత్తికి నూనె సరిగా ఎక్కదు, నలిపి బిగించిన వత్తికి చక్కగా ఎక్కుతుంది. పోగుల మధ్య సందు ఎంత సన్నగా ఉంటే ద్రవాన్ని అంత బలంగా లాగుతుంది. కానీ సందు మరీ సన్నమైతే ద్రవం నెమ్మదిగా కదులుతుంది. ప్యాడ్‌లో పైనుంచి కిందికి పోయే కొద్దీ సందులు సన్నబడుతూ పోవాలి. అప్పుడే పై పొరలో పడింది దానంతట అదే కింది పొరకి దిగుతుంది, తిరిగి పైకి రాదు. ఈ వరుస తలకిందులైతే ఎంత ఖరీదైన సరుకు వాడినా పైన తడే.

మీ ప్యాడ్ వరుస ఎలా ఉందో మీరు రాసిన దాన్నిబట్టి ఊహిస్తున్నాను. పల్ప్ షీటుని గ్రైండర్లో చీల్చి, అచ్చులో వేసి, పెడల్ తొక్కి నొక్కి, పైన నాన్‌వోవెన్ (నేయకుండా పోగులు అతికించి చేసిన గుడ్డ) చుట్టి, క్రిములు చావడానికి యూవీ పెట్టెలో పెడుతున్నారు. కోయంబత్తూరు మురుగనాథంగారు తయారు చేసిన చవక ప్యాడ్ మెషీన్ బాటలో వచ్చిన పద్ధతి ఇది. మెషీన్‌లో తప్పేమీ లేదు. అచ్చులో గట్టిగా నొక్కిన పల్ప్ మీద నేరుగా నాన్‌వోవెన్ పెడితే మాత్రం, పైన పల్చటి గుడ్డ, దాని కింద అట్టముక్క అవుతుంది. చిక్కటి ద్రవం ఆ అట్ట మీద పడి, లోపలికి ఇంకే తీరిక లేక, వాలు ఎటుంటే అటు పోతుంది. వాలు ఎప్పుడూ తొడల వైపే. నీళ్లు పల్చన కాబట్టి ఇంకాయి.

మధ్యలో ఉండాల్సిన పొర మీ దగ్గర లేదు. దాన్ని ఫ్యాక్టరీల్లో ఏడీఎల్ అంటారు, ద్రవాన్ని లాగి పంచే పొర అన్నమాట. పాలిస్టర్ లాంటి సింథటిక్ పోగులతో, వేడిగాలికి అతికించి చేసిన ఉబ్బెత్తు నాన్‌వోవెన్ అది, 30 నుంచి 50 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు). చేత్తో నొక్కి వదిలితే మళ్లీ లేస్తుంది. పాలిస్టరే ఎందుకంటే, దూది ఉండను నీళ్లలో ముంచి తీయండి, చప్పగా బిళ్లలా అయిపోతుంది. దూది, పల్ప్ ఏదైనా అంతే, తడిస్తే పోగు మెత్తబడి ఖాళీలు కూలిపోతాయి. రెండోసారి ద్రవం పడేసరికి దిగడానికి దారి ఉండదు. సింథటిక్ పోగు నీళ్లు తాగదు కాబట్టి తడిసినా నిలబడుతుంది. మొదటిసారి బాగానే ఉండి రెండు గంటలకి లీకయ్యే ప్యాడ్లలో నేను చూసిన కారణం ఎక్కువగా ఇదే. మీ ఫిర్యాదు కూడా సరిగ్గా రెండు గంటల దగ్గరే ఉంది.

కాబట్టి మొదటి మార్పు: టాప్ షీట్ (పై గుడ్డ) కింద, కోర్ (నొక్కిన పల్ప్ దిమ్మ) మీద, ఏడీఎల్ ముక్క ఒకటి పెట్టండి. ప్యాడ్ అంతా అక్కర్లేదు. మధ్యలో 15 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు చాలు. అంచుల దాకా పెట్టకండి, అది ద్రవాన్ని తీసుకెళ్లి అంచుకే అప్పజెబుతుంది. ఈ తప్పు నేనే ఒకసారి చేశాను.

పై పొరల్లో రెండోది టాప్ షీట్. ఇక్కడ నా పాత కథ ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఒక వారం పాటు వరసగా ఫిర్యాదులు వచ్చాయి. కోర్ తూచాం, పౌడర్ తూచాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు రోజులు తలలు పట్టుకున్నాక, మా ల్యాబ్ అటెండర్ భోజనం చేసి వచ్చి, చేతి తడి ఆ టాప్ షీట్ రోల్‌కి తుడుచుకోబోయాడు. నీళ్లు తుడుచుకుపోలేదు, తామరాకు మీద బొట్లలా జారిపోయాయి. సప్లయర్ పంపింది డైపర్ కాళ్ల దగ్గర లీకేజీ ఆపడానికి వాడే నీళ్లు అంటని రకం. చూడ్డానికి రెండూ తెల్లగా, ఒకేలా ఉంటాయి. టాప్ షీట్‌కి వాడే నాన్‌వోవెన్ ఎక్కువగా పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. దానికి సహజంగా నీళ్లు అంటవు. టాప్ షీట్ కోసం చేసేదానికి పైన సబ్బులాంటి ఒక పూత పూస్తారు. ఆ పూత వల్లే ద్రవం దిగుతుంది. పూత తక్కువ పడినా, చాలాకాలం నిల్వ ఉండి పోయినా, మొదటిసారి దిగి రెండోసారికి పూత కొట్టుకుపోయినా, కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త రోల్ వచ్చిన ప్రతిసారీ డ్రాపర్‌తో ఒక్క చుక్క వేసి చూడండి. షీటుని ఏదైనా పీల్చే కాగితం మీద పరిచి చుక్క వేయాలి. మూడు సెకన్లలోపు మాయం కావాలి. అదేచోట రెండు నిమిషాలు ఆగి మరో చుక్క, ఇంకో రెండు నిమిషాలకి మూడోది. మూడో చుక్క పది సెకన్లు నిలబడితే ఆ రోల్ వెనక్కి పంపేయండి.

ఇప్పుడు పౌడర్. మీరు దాన్ని మధ్యలో చెంచాతో కుప్పగా వేస్తున్నామని రాశారు. ఉప్మా చేసేటప్పుడు రవ్వ ఒక్కసారిగా మరుగుతున్న నీళ్లలో గుమ్మరిస్తే ఏమవుతుంది? ఉండ కడుతుంది. ఉండ విరిచి చూస్తే లోపల రవ్వ పొడిపొడిగా అలాగే ఉంటుంది. పైన ఉడికిన పొర లోపలికి నీళ్లు పోనివ్వదు. జెల్ పౌడర్ కుప్పలో జరిగేది అచ్చం అదే. ఈ రంగంలో దీన్ని జెల్ బ్లాకింగ్ అంటారు. వాడేసిన ప్యాడ్ మధ్య గడ్డని చీలిస్తే సగం పౌడర్ ఇంకా గలగలలాడుతూ కనిపిస్తుంది. మీరు అర గ్రాముని గ్రాము చేస్తే ఉండ పెద్దదవుతుంది, అంతే. పైగా ఉబ్బిన ఉండ, ద్రవం కిందికి పోయే దారిలో అడ్డంగా కూర్చుంటుంది. పౌడర్ పెంచితే లీకేజీ ఎక్కువ కావచ్చని నేను అన్నది ఇందుకే.

రెండో మార్పు: పౌడర్‌ని కింది సగం పల్ప్‌లో కలపండి, లేదా దాని మీద పల్చగా చల్లండి. సగం పల్ప్ అచ్చులో పరిచి, టీ వడపోసే జల్లెడ లాంటి దాంతో పౌడర్ చల్లి, మిగతా సగం పల్ప్ పైన వేసి, అప్పుడు నొక్కండి. పౌడర్ పై సగంలో ఉండకూడదు, కింది భాగంలోనే ఉండాలి. అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలేయండి. అర గ్రాము ధారాళంగా సరిపోతుంది. పగటి ప్యాడ్‌కి నేనైతే 0.4 గ్రాములతో మొదలుపెట్టి చూస్తాను.

పౌడర్ కొనేటప్పుడు ఇంకో మాట. "మా సరుకు 500 రెట్లు పీలుస్తుంది" అని చెప్పే డీలర్ దగ్గర ఆ మాట విని ఊరుకోకండి. రెండు అంకెలు అడగండి. ఒకటి సీఆర్‌సీ, అంటే ఉప్పునీరు పీల్చాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా ఎంత మిగిలిందో చెప్పేది. రెండోది బరువు పెట్టి ఉంచినప్పుడు ఎంత పీల్చిందో చెప్పేది, ఏయూఎల్ అంటారు. రెండూ ఒకేసారి గొప్పగా ఉండవు. గింజలోని పొడవాటి పాలిమర్ గొలుసుల మధ్య ముడులు తక్కువ ఉంటే బాగా ఉబ్బుతుంది కానీ లేత కొబ్బరిలా మెత్తగా ఉండి, బరువుకి నలిగి సందులన్నీ మూసేస్తుంది. ముడులు ఎక్కువైతే ముదురు కొబ్బరిలా గట్టిగా ఉండి సందులు నిలబెడుతుంది కానీ పీల్చేది తగ్గుతుంది. మంచి రకాల్లో గింజ లోపల మెత్తగా ఉంచి పై పొరని మాత్రం గట్టిపరుస్తారు. సీఆర్‌సీ 30 దగ్గర, ఏయూఎల్ 0.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దగ్గర 20కి తగ్గకుండా ఉంటే నేను తీసుకుంటాను. టెస్ట్ షీట్ ఇవ్వలేని డీలర్‌ని వదిలేయండి. పొలాల్లో తేమ నిలపడానికి అమ్మే జెల్ చవకగా దొరుకుతుంది కదా అని దాన్ని అసలే వాడకండి. అది నేల కోసం చేసినది, చర్మానికి తగిలే వస్తువుల పరీక్షలు దానికి ఉండవు.

చరిత్ర చూస్తే మాత్రం ఈ పౌడర్ పొలం నుంచే వచ్చింది. 1960లు, 70ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల పియోరియా ల్యాబ్‌లో మొక్కజొన్న పిండికి కొత్త ఉపయోగాలు వెతుకుతూ తయారు చేసిన పదార్థం ఇలాంటి వాటికి ఆద్యం. విత్తనాలకి, నేలకి తేమ పట్టించడం వాళ్ల ఆలోచనల్లో ఒకటి. మన ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పూసా హైడ్రోజెల్ కూడా ఆ దారిలోదే. ప్యాడ్లు, డైపర్లలోకి జెల్ రావడంలో జపాన్ కంపెనీలు ముందున్నాయి.

అరటి నార సంగతికొస్తాను. మీ ఊళ్లో గెల కొట్టేశాక బోదెలు గుట్టలుగా పడి ఉంటాయి, దాన్ని వాడుకోవాలన్న ఆలోచన మంచిదే. మన దేశంలో అరటి నారతో ప్యాడ్లు చేస్తున్న కంపెనీ ఉంది, అహ్మదాబాద్‌లో. కానీ బోదె నుంచి తీసిన నారని నేరుగా తురిమి వేస్తే పని జరగదు. పూలు కట్టే నారని గుర్తు చేసుకోండి. తడిపితే వంగుతుంది, ఆరితే గరుకుగా, పుల్లలా ఉంటుంది. అది ఒక్క పోగు కాదు, ఎన్నో పోగుల్ని జిగురు పదార్థాలు కట్టగా పట్టి ఉంచినది. ఆ జిగురు పోవాలంటే కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి, బ్లీచ్ చేయాలి, బాగా కడగాలి, ఆరబెట్టి మళ్లీ చీల్చాలి. కడిగిన నీళ్లు ఎక్కడికి వదులుతారన్నది ఇంకో తలనొప్పి.

ప్రకృతి సిద్ధమైన పోగు కదా, దానంతట అదే పీలుస్తుందనుకోవడం చాలామంది పొరపాటు. బూరుగు దూది పోగు గొట్టంలా బోలుగా ఉంటుంది, కానీ పైన మైనం పూత ఉండటం వల్ల నీళ్ల మీద తేలుతూనే ఉంటుంది. గింజ తీసిన పత్తి కూడా అంతే. వత్తులకి వాడే దూది కొంచెం నీళ్లలో వేయండి, చాలాసేపు మునగదు. మందుల షాపులో దొరికే సర్జికల్ కాటన్ వేయండి, టపుక్కున మునుగుతుంది. రెండూ పత్తే. రెండోదాన్ని ఉడికించి మైనం తీసేశారు, తేడా అంతే. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ప్రకారం అది పది సెకన్లలో మునగాలి. ఎవరైనా మీకు అరటి పల్ప్ అమ్మజూపితే ఈ మునిగే పరీక్ష అక్కడికక్కడే చేయండి.

మీరు ఇప్పుడు వాడుతున్న పల్ప్ బహుశా అమెరికా దక్షిణాది పైన్ చెట్లది. ప్రపంచంలో ప్యాడ్లకీ, డైపర్లకీ ఎక్కువగా వాడేది అదే. దాని పోగు పొడవు రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని, కోర్ చిరిగిపోకుండా ఉంటుంది. యూకలిప్టస్ లాంటివాటి పోగు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. ఒక్కదానితోనే కోర్ చేస్తే నడిచేటప్పుడు ముక్కలైపోతుంది. నా సలహా: బాగా ఉడికించిన అరటి పల్ప్ దొరికితే పైన్ పల్ప్‌లో అయిదో వంతు కలిపి మొదలుపెట్టండి. ముందు లీకేజీ తేలాక, రెండో విడతలో. రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏమైందో మీకే తెలియదు.

ఇంకో హెచ్చరిక. అరటి నార వేశాం కదా అని ప్యాకెట్ మీద "బయోడిగ్రేడబుల్" అని వేయించకండి. పైన పాలీప్రొపిలీన్, కింద పాలిథిన్, లోపల పాలీఅక్రిలేట్ ఉన్నంతకాలం అది ప్లాస్టిక్ కలిసిన వస్తువే. వాడిన ప్యాడ్ చుట్టి పారేయడానికి ప్రతి ప్యాడ్‌తో పాటు కవరో, కాగితమో ఇచ్చే సంగతి 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో చెప్పారు. ముందు అది ఇస్తున్నారో లేదో చూసుకోండి.

మూడో మార్పు, నిజానికి ఇదే మొదట చేయాల్సింది: టీ గ్లాసు పక్కన పెట్టి సరైన పరీక్ష పెట్టుకోవడం. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల సిరంజి, గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా, ఫిల్టర్ పేపర్లు, రెండు కిలోల బరువు, మొబైల్‌లో స్టాప్‌వాచ్ చాలు. ద్రవం ఇలా కలుపుకోండి: లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు, 100 మిల్లీలీటర్ల గ్లిజరిన్, పల్చటి గంజిలా చిక్కబడేదాకా కొంచెం కొంచెంగా సీఎంసీ పౌడర్ (ద్రవాన్ని చిక్కబరిచే సెల్యులోజ్ పొడి), చూడ్డానికి వీలుగా ఎర్ర రంగు. నీళ్లు ఆర్‌ఓవి వాడండి. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పు, కాల్షియం ఊరూరికీ మారతాయి, కాల్షియం ఈ పౌడర్‌ని ఇంకా దెబ్బతీస్తుంది. పక్క ఊరి యూనిట్‌తో పోల్చుకోవాలన్నా ద్రవం ఒకటే ఉండాలి కదా.

ప్యాడ్‌ని బల్ల మీద పరిచి మధ్యలో 5 మిల్లీలీటర్లు వదలండి. పైన మెరుపు పోయేదాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. పది నిమిషాలు ఆగి అదేచోట ఇంకో 5, మళ్లీ పది నిమిషాలకి ఇంకో 5. మొదటిసారికీ మూడోసారికీ సమయం ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. 6 సెకన్ల నుంచి 10కి పోతే పర్వాలేదు. 8 నుంచి 40కి పోతే మీ వాడకందార్లు చెప్పింది నిజమే. తర్వాత, ముందే తూచిన ఫిల్టర్ పేపర్ల దొంతరని 10 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి ప్యాడ్ మీద పెట్టి, దాని మీద రెండు కిలోల బరువు రెండు నిమిషాలు ఉంచి, పేపర్లని మళ్లీ తూచండి. పెరిగిన బరువే పైకి తిరిగొచ్చిన తడి. ఆ చదరం మీద రెండు కిలోలంటే దాదాపు 0.3 పీఎస్‌ఐ. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లకి ఒత్తిడి ఎక్కువ, వాళ్ల కోసం అయిదు కిలోలతో కూడా చూడండి.

చివరగా ప్యాడ్‌ని నిలువుగా చీల్చి మరక ఆకారం చూడండి. గుండ్రంగా మధ్యలోనే ఆగిపోయిందా, కోడిగుడ్డులా పొడవుగా సాగిందా? గుండ్రంగా ఉంటే అది పక్క అంచుకి త్వరగా చేరుతుంది, రెండు చివర్లూ శుభ్రంగా పొడిగా మిగులుతాయి. ఆ చివర్లలో మీరు డబ్బు పోసి పల్ప్ నింపుతున్నారు. పొడవునా రెండు గీతలుగా అచ్చుతో నొక్కితే ఆ గీతల వెంట ద్రవం సాగుతుంది. మీ అచ్చు పైపలకకి రెండు సన్నటి కమ్మీలు వెల్డింగ్ చేయిస్తే సరి, పెద్ద ఖర్చు కాదు.

అధికారిక ప్రమాణం కావాలంటే ఐఎస్ 5405 ఉంది. 1980 నాటి పాఠంలో, నిమిషానికి 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్లు పోసినప్పుడు అడుగునా పక్కలా కనిపించకూడదని ఉంటుంది. రంగు నీళ్లతో గానీ, గడ్డకట్టకుండా చేసిన గొర్రె లేదా మేక రక్తంతో గానీ చేయవచ్చన్నారు. 2019లో దాన్ని సవరించారు. టెండర్ వేసేవాళ్లు కొత్త పాఠమే చూసుకోవాలి. నా అభిప్రాయంలో రంగు నీళ్లతో ఆ పరీక్ష దాటడం చాలా తేలిక. దాటామని నిశ్చింతగా ఉండకండి.

కొన్ని మినహాయింపులు. ఇదంతా పగటి మామూలు ప్యాడ్ గురించి. రాత్రి ప్యాడ్, కాన్పు తర్వాతి ప్యాడ్ అయితే పట్టే శక్తి నిజంగానే కావాలి, అక్కడ పౌడర్ గ్రాము దాకా పెంచడం సబబే. డైపర్ పూర్తిగా వేరే లోకం. పసిబిడ్డ మూత్రం ఒక్క ఉదుటున వస్తుంది, పల్చగా ఉంటుంది, అందుకే ఒక్కో డైపర్లో పది గ్రాములకు పైగా పౌడర్ ఉంటుంది. డైపర్ కోసం చెప్పిన సూత్రాన్ని ఎవరైనా యూట్యూబ్‌లో ప్యాడ్‌కి అంటగడితే నమ్మకండి.

ఎక్కువ పీల్చేదే మంచిదన్న పరుగు ఒకసారి ప్రాణాల మీదకి తెచ్చింది కూడా. 1980లో అమెరికాలో బాగా పీల్చే టాంపాన్లు వాడినవారిలో టాక్సిక్ షాక్ కేసులు బయటపడి, ఒక బ్రాండ్‌ని మార్కెట్ నుంచే వెనక్కి తీసుకున్నారు. అది లోపల పెట్టుకునే వస్తువు కాబట్టి బయట వాడే ప్యాడ్‌కి అదే ముప్పు ఉందని అనడం లేదు. కానీ "ఒక్క ప్యాడ్‌తో రోజంతా" అని ప్రచారం చేయొద్దని మాత్రం మీకు చెబుతాను. ఎంత పీల్చినా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చమనే ప్యాకెట్ మీద రాయించండి.

ఇంకొకటి, వానాకాలం. మీ కోనసీమ గాలిలో తేమకి పౌడర్ డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి గడ్డలు కడుతుంది. ఒక శ్రావణమాసంలో మా హాపర్ (పౌడర్ పోసే గరాటు) పూర్తిగా బిగుసుకుపోయి, సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. ఆ షిఫ్టులో వచ్చిన ప్యాడ్లలో సగానికి పౌడరే పడలేదు, తూచితే గానీ తెలియలేదు. రోజుకి కావాల్సినంతే చిన్న డబ్బాలోకి తీసుకుని, పెద్ద సంచి మూతి కట్టి ఉంచండి. ప్రతి గంటకీ ఒక కోర్ తూచండి. పౌడర్ చల్లేవాళ్లు ముక్కుకి మాస్క్ కట్టుకోవాలి, సన్నటి దుమ్ము లోపలికి పోతే దగ్గు వదలదు.

ముందు డ్రాపర్ పరీక్ష, ఆ తర్వాత మూడుసార్లు పోసే పరీక్ష, ఇప్పుడున్న ప్యాడ్లు అయిదింటి మీద ఏ మార్పూ చేయకుండా చేసి అంకెలు ఇక్కడ పెట్టండి. టాప్ షీట్ జీఎస్‌ఎం రోల్ లేబుల్ మీద ఉంటుంది, అది కూడా రాయండి. కోర్ మందం స్కేలుతో కొలిస్తే చాలు, నొక్కకముందు ఎంత, నొక్కాక ఎంత అన్నది కావాలి. అది చూస్తే పెడల్ ఎంత గట్టిగా తొక్కుతున్నారో చెప్పగలను.